గురక, గొట్టం, హాజరుపట్టీ



నా గురక సంగతి జమాబందీ క్యాంపుల్లో నా పక్కన పడుకున్న మిత్రులకు తెలుసు. అది జబ్బని నాకు డెబ్బై రెండో ఏట తెలిసింది. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకుమించి ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు.

డాక్టరుగారు సీపాప్ మిషను రాశారు. ముక్కుకు తొడుగు, గొట్టంగుండా ఒత్తిడితో గాలి. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ బృందం ప్రకటించిన పద్ధతి. మూడు రాత్రులు భరించి అటకెక్కించాను.

తరువాత అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు పక్కింటి ట్రక్కు డ్రైవరు పరిచయమయ్యాడు. పంజాబు మనిషి, హిందీలో మాట్లాడుకున్నాం. అతనిదీ ఇదే జబ్బు. ఒక తెల్లవారుజామున కన్ను మూతబడి, రోడ్డు అంచు గరగరమని మోగితే మెలకువ వచ్చిందట. తోలేది 36 టన్నుల బండి!

ట్రక్కులోనే పడక, మిషను బ్యాటరీ మీద నడవాలి. నీళ్లు వేడిచేసే గిన్నె తీసేస్తే కరెంటు ఆదా. మొదట్లో పగలు టీవీ చూస్తూ తొడుగు అలవాటు చేసుకున్నాడు. ఎన్ని గంటలు పెట్టుకున్నదీ మిషనే రాసుకుంటుంది. నూటికి డెబ్బై రాత్రులు, రాత్రికి నాలుగు గంటలైనా లేకపోతే అతని మెడికల్ సర్టిఫికెట్టుకు చిక్కే. మన హాజరుపట్టీకన్నా గట్టిది, ఎవరూ దిద్దలేరు.

తిరిగొచ్చాక మిషను దించాను, తొడుగు సైజు మార్పించాను. ఇప్పుడు ఐదు గంటలు ఉంచుకుంటున్నాను. తెల్లవారుజామున ఊడదీస్తాను, అబద్ధమెందుకు. గురక ఆగిన కొత్తలో మా ఇంటావిడకు నిద్రపట్టలేదు. ఊపిరాడుతోందో లేదోనని నా గుండెమీద చెయ్యివేసి చూసేది.