సైన్యంలో ధ్యానం: మన యువకుల విశ్వాసం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ సోదరులారా! సైన్యంలో చేరదలచిన యువకులూ, వారి తల్లిదండ్రులూ మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. శిక్షణలో యోగా, ధ్యానం చేయిస్తారట. చేస్తే ఈమాన్ పోతుందా, చేయకపోతే కొలువు పోతుందా?

పుట్టపర్తి వాసులమైన మనకు ధ్యానం అనే మాట కొత్తది కాదు. ప్రశాంతి నిలయానికి దేశదేశాల నుండి వచ్చినవారు కళ్ళు మూసుకొని కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాము. 1991లో ఇక్కడ వెలసిన పెద్దాసుపత్రిలో మనవారూ ఉచితంగా వైద్యం పొందారు. ఆ మేలును మనం కృతజ్ఞతతో చెప్పుకుంటాము. వారి ఆరాధనలో మాత్రం పాలుపంచుకోము. ఈ గీత మనకు ఇంటి దగ్గరే తెలుసు. బారక్‌లో ఉన్న మన బిడ్డకూ ఇదే గీత.

వెన్ను నిటారుగా ఉంచి, ఉచ్ఛ్వాస నిశ్వాసలను గమనించడం ఆరాధన కాదు. మంచుకొండలపై కాపలా కాసేవానికి అది అవసరం కూడా. దానిని హరామ్ అనడానికి మాకు ఆధారం కనబడదు. సూర్యునికి చేతులు జోడించడం, మంత్రం పఠించడం, విగ్రహం ముందు వంగడం వేరు విషయం. మనసులో నమ్మకం లేకుంటే చాలు, పైకి చేస్తే ఏమవుతుందని కొందరంటారు. మేము అంగీకరించలేము. రుకూ, సజ్దాలు శరీరంతోనే కదా చేస్తున్నాము! అక్కడ శరీరానికి అర్థం ఉండి, ఇక్కడ లేకుండా పోతుందా?

2015లో తొలి యోగా దినోత్సవానికి ముందు ముస్లిం పర్సనల్ లా బోర్డు ఇదే అభ్యంతరం తెలిపింది. అధికారిక కార్యక్రమంలో సూర్య నమస్కారాలు చేర్చలేదు. యోగా మొత్తాన్ని కాక, ఒక నిర్దిష్టమైన క్రియను చూపి అడిగినప్పుడు మాట వినబడింది.

హజ్రత్ జాఫర్ (రజియల్లాహు అన్హు) అబిసీనియా రాజు నజాషీ సభలో సాష్టాంగపడలేదు. సజ్దా అల్లాహ్‌కే అని వినయంగా విన్నవించారు. రాజును అవమానించలేదు, అతని నీడను వదలి పోనూ లేదు. యుద్ధభూమిలో సైతం ఒక వర్గం ఆయుధాలతో కాపు కాస్తుండగా మరొక వర్గం నమాజు చేయాలని సూరా నిసాలో అల్లాహ్ నేర్పాడు. సైనిక విధి, ఇబాదత్ ఒకదానికొకటి శత్రువులు కావు.

అయినా చేదు నిజం దాచరాదు. థర్డ్ క్యావల్రీ రెజిమెంటుకు చెందిన క్రైస్తవ అధికారి లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్ రెజిమెంటు గుడి, గురుద్వారాల గర్భగృహంలోకి అడుగుపెట్టనన్నందుకు కొలువు కోల్పోయారు. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు, నవంబరు 25న సుప్రీంకోర్టు ఆ చర్యనే సమర్థించాయి. అంతకుముందు 2016లో, గడ్డం పెంచుకున్న వాయుసేన ఉద్యోగి విషయంలోనూ తీర్పు ఇలాగే వచ్చింది. సాయుధ దళాలలో ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఈ తీర్పులు మనకు నచ్చాయా లేదా అన్నది వేరు. సంతకం పెట్టబోయే యువకుడు వీటిని ముందే తెలిసికొని ఉండాలి.

కనుక పరేడ్ మైదానంలో వాదనకు దిగవద్దు. ముందుగానే అధికారిని ఏకాంతంగా కలిసి, ఫలానా క్రియ చేయలేను, ఆ సమయంలో నిశ్శబ్దంగా నిలబడతానని మనవి చేసికోవాలి. సైన్యంలో ధార్మిక గురువులుగా మౌల్వీలూ ఉన్నారు. అందుబాటులో ఉంటే వారిని సంప్రదించాలి. మిగిలిన కసరత్తులో అందరికంటే ముందుండాలి. పనిదొంగ చెప్పే అభ్యంతరాన్ని ఎవరూ నమ్మరు.

అప్పటికీ ఒప్పుకోకపోతే? హజ్రత్ అమ్మార్ (రజియల్లాహు అన్హు) కు లభించిన సడలింపు చిత్రహింసలో ఉన్నవానికి. జీతం పోతుందన్న భయాన్ని దానితో సమానం చేయలేము. అంతవరకు వస్తే కొలువునే వదులుకోవాలి. అలాగని, అది రాకముందే తల్లిదండ్రులు బిడ్డలను ఆపడం మాకు సమ్మతం కాదు.

ఓ అల్లాహ్! సరిహద్దుల్లో ఉన్న మా బిడ్డలను కాపాడు. వారి సజ్దాను నీకే ప్రత్యేకం చేయి. వారి అధికారుల హృదయాలను మెత్తబరచు. ఆమీన్.