చిన్న భాషకు పెద్ద పుస్తకంలో చోటు



విజ్ఞాన సర్వస్వంలో దేనికి చోటివ్వాలి, దేనికి అక్కరలేదు అన్న ప్రశ్న పాతదే. కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. అచ్చు పుస్తకానికి కాగితం ఖర్చు, మనిషి ఆయుష్షు రెండూ హద్దులే. 2001లో ఇంటర్నెట్‌లో మొదలైన వికీపీడియాకు కాగితం బెంగ లేదు. అయినా అక్కడా ఎంపిక తప్పలేదు. ఒక ఉదాహరణ చెబుతాను.

ప్రోగ్రామింగ్ భాష అంటే కంప్యూటర్‌కు పని చెప్పడానికి మనిషి కట్టుకున్న భాష. సీ, జావా, పైథాన్ పేర్లు మన పిల్లల నోట వింటూనే ఉంటాం. పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్ విశ్వవిద్యాలయంలో నెమెర్లె అనే భాష పుట్టింది. తమకు కావలసిన కొత్త వాక్య నిర్మాణాన్ని ప్రోగ్రాం రాసేవారే అందులో చేర్చుకోవచ్చు. వాడేవారు మాత్రం తక్కువ. 2011లో ఇంగ్లీషు వికీపీడియా దాని వ్యాసాన్ని తొలగించింది. తయారుచేసినవారితో సంబంధం లేని ఇతరులు దాని గురించి రాసినది చాలినంత లేదన్నది కారణం. అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. తరువాత ఆ వ్యాసం తిరిగి చేరింది.

ఆ నియమం తప్పంటారా? నేననను. మా అబ్బాయి బుద్ధిమంతుడని తండ్రి చెబితే చాలదు, ఊళ్ళో నలుగురూ చెప్పాలి. లేకపోతే ప్రతివారూ తమ సరుకు గురించి తామే రాసుకుంటారు. అయితే ఆ నలుగురినీ ఎక్కడ వెతకాలి? ఇలాంటి భాష గురించి దినపత్రికలు రాయవు. పరిశోధన వ్యాసాల్లో, విద్వత్సభల సంపుటాల్లో వెతకాలి.

వాడేవారి సంఖ్య కూడా కొలబద్ద కాదు. 1960లలో నార్వేలో దాల్, నీగార్డ్ అనే ఇద్దరు సిములా అనే భాషను రూపొందించారు. నేడు దాన్ని వాడేవారు అరుదు. కానీ అందులోని ‘క్లాస్’ అనే భావన సీ ప్లస్ ప్లస్‌కూ, జావాకూ చేరింది. 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ఆ ఇద్దరికీ దక్కింది. అందుకే నెమెర్లెకూ చోటు ఉండాలనే నా అభిప్రాయం.

శ్రోతలారా, ఈ మాట మనకూ వర్తిస్తుంది. హోసూరులో, బళ్ళారిలో, పర్లాకిమిడిలో ఇళ్ళలో పలికే తెలుగు మాటలు కొన్ని నిఘంటువులకు ఎక్కలేదు. మాకు తెలుసు కదా అంటే సరిపోదు. అమ్మమ్మ నోట విన్న మాటను, దాని అర్థాన్ని, ఊరి పేరును, తేదీని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏదైనా పత్రికకు పంపండి. మరొకరు దాన్ని పరిశీలించి రాస్తే అదే సాక్ష్యం. చోటు అడిగే ముందు సాక్ష్యం సిద్ధం చేసుకుందాం.