పెట్రోలు లెక్కకు బీజగణితము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయ బీరువాలలో కథల పుస్తకములు చేతులు మారి మారి నలిగిపోయినవి. గణిత గ్రంథములు మాత్రము కొత్తవిగనే యున్నవి. బీజగణితము పరీక్షతో తీరిపోవు ఋణమని మనలో చాలమంది తలంపు. ఒక మనుష్యుని మాటను నిలబెట్టుటకు కూడ అది పనికివచ్చునని నేను కన్నులార చూచితిని. ఆ సంగతియే నేడు విన్నవించెదను.

గోదావరిఖనిలో బొగ్గుగని ఉద్యోగమునుండి విరమించిన నా మిత్రుడొకడు కారు కొని కిరాయికి త్రిప్పించుచుండెను. డ్రైవరు మన ప్రాంతపు యువకుడే. అంకెలను సులభమగునట్లు కొంచెము గుండ్రము చేసి చెప్పుచున్నాను. మొదటి వారము కారు 400 కిలోమీటర్లు తిరిగినది. పెట్రోలు 23 లీటర్లు పట్టినది. రెండవ వారము 350 కిలోమీటర్లే తిరిగినది. పెట్రోలు 25 లీటర్లయినది. దారి తగ్గగా ఖర్చు పెరిగెను! యజమానికి అనుమానము కలిగినది. “అన్నా, ఒక్క చుక్క గూడ నేను ముట్టలే” అని ఆ పిల్లవాడు కన్నీరు పెట్టుకొనెను. పనినుండి తీసివేయుటయే తరువాయి.

ఇద్దరిని కూర్చుండబెట్టి, ఏ దారిని ఎంత తిరిగినారని అడిగితిని. డ్రైవరు మీటరు అంకెలన్నియు పుస్తకములో వ్రాసియుంచెను. మొదటి వారము కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై 300, ఊరిలో 100. రెండవ వారము రహదారిపై 100, బజారులందును కాలనీ సందులందును 250. ఊరిలో మాటిమాటికి బ్రేకు వేసి బండిని మరల కదలింపవలెను. అందులకే పెట్రోలు ఎక్కువ పట్టును. ఇది అందరెరిగినదే. ఎంత ఎక్కువ యనునదే తెలియనిది.

తెలియనిదానికొక పేరు పెట్టుటయే బీజగణితమునకు మొదటి మెట్టు. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణిత గ్రంథములో మొదటి అవ్యక్తరాశిని యావత్తావత్ అనియు, రెండవదానిని కాలకమనియు పిలిచెను. కాలకమనగా నలుపు. బొగ్గునేలవారమైన మనకు ఆ పేరు పరాయిది కాదు! రహదారిపై కిలోమీటరుకు పట్టు పెట్రోలును ‘య’ అనియు, ఊరిలో పట్టుదానిని ‘క’ అనియు అనుకొందము. అప్పుడు,

300 య + 100 క = 23
100 య + 250 క = 25

రెండవదానిని 3 చేత హెచ్చవేసిన 300 య + 750 క = 75 అగును. ఇందుండి మొదటిదానిని తీసివేయగా 650 క = 52. కావున క = 0.08 లీటరు; య = 0.05 లీటరు. అనగా లీటరుకు రహదారిపై 20 కిలోమీటర్లు, ఊరిలో 12½ కిలోమీటర్లు.

అప్పుడు నా మిత్రుడు మంచి ప్రశ్న వేసెను: “వీడు పెట్రోలు తీసియున్నను నీ లెక్క ఏదో యొక జవాబు చెప్పును గదా?” నిజమే. రెండు సమీకరణములు రెండు రాశులను తేల్చునే గాని, అవి సత్యమని సాక్ష్యమీయజాలవు. సాక్ష్యమునకు మూడవది కావలెను.

కావున మూడవ వారము యజమాని తానే బంకుకు పోయి టాంకి నిండుగ పోయించి, మీటరు అంకె వ్రాసికొని, రాత్రులందు కారును తన ఇంటనే ఉంచెను. వారము తుదిని చూడగా రహదారిపై 200, ఊరిలో 150 కిలోమీటర్లు తిరిగియుండెను. మన లెక్క ప్రకారము 10 + 12, మొత్తము 22 లీటర్లు కావలెను. మునుపటి వారములలో పెట్రోలు పోయియున్నచో ఇప్పుడంతకంటె తక్కువ పట్టవలెను. అదే బంకులో మరల నిండుగ పోయించగా పట్టినది 22½ లీటర్లు! ఆ అరలీటరు ఎచట పోయినదో డ్రైవరే చెప్పెను: బొగ్గురైళ్లు దాటువరకు రైల్వే గేటువద్ద ఇంజను ఆపక నిలిచిన సమయమది. చక్రము తిరుగకున్నను ఇంజను త్రాగుచునే యుండును. దానిని కూడ పట్టదలచినవారు గంటకింతయని మూడవ రాశిని చేర్చుకొనవచ్చును.

“తమ్ముడా, తప్పు నాదే” అని నా మిత్రుడు అతని భుజముపై చేయి వేసెను. నాటినుండి గేటువద్ద ఇంజను ఆపుచున్నారు.

సభ్యులారా! ఆ యువకుని కాపాడినది మొదట అతడు వ్రాసికొనిన పుస్తకము. పిదప ఎనిమిదవ తరగతి పిల్లలకు కూడ అందుబాటులోనున్న చిన్న లెక్క. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చిన భాష మనది. గణితము మన నోటికి కొత్త కాదు. కావున ఆ బీరువా తలుపు కూడ తరచుగా తెరువుడని వేడుచు, సెలవు గైకొనుచున్నాను.