పిస్తోలు పోటీ – దింపిన చేయి

పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీ తొలిదశలో 60 సార్లు కాల్చుటకు 75 నిమిషముల గడువు కలదు. పట్టునది ఒక్కచేతనే, ఆ చేతికి ఆసరా ఉండదు. పదిపాయింట్ల వలయము వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. అందుచే క్రొత్తవారు లక్ష్యమునే రెప్పవాల్పక చూతురు. మేము వలదందుము. చూపు పిస్తోలు కొననున్న సైటుపై నిలువవలెను. లక్ష్యము మసకబారినను చింతలేదు. చేయి ఎవరికైనను కొంత కదలును, కదలనిండు! అది నిలిచినట్లు తోచిన క్షణమున ట్రిగ్గరును గుంజుటయే దోషము, మెల్లగా ఒత్తుచుండవలెను. పది సెకనులు దాటినను గుండు వెడలనిచో చేయి దింపుడు. అది పిరికితనమని కొందరందురు. మా దృష్టిలో పోటీదారుని ధైర్యము అదియే. ఇంట ఖాళీ పిస్తోలుతో, తెల్లగోడ కెదురుగా, దినమునకు పావుగంట సాధన చేయవచ్చును. అప్పుడు గుండ్ల పెట్టె వేరొక గదిలో తాళమువేసి ఉండవలెను. పిల్లలున్న ఇంట మరియును.