తొలకరి పసుల రోగాలు - నెత్తురు పరీక్ష



మృగశిర కార్తె ప్రవేశించి రెండు వానలు పడగానే మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల్లో ఒక మాట వినబడుతుంది: "రాత్రి కుడితి తాగిన బర్రె తెల్లారేసరికి చచ్చిపడున్నది!" దానికి తలకొక పేరు పెడతారు. ఒకరు గురక అంటారు, ఒకరు దొమ్మ, ఒకరు జబ్బవాపు. పాము కరిచిందనేవారూ లేకపోలేదు.

చావు ఒక్క తీరుగానే కనబడినా నెత్తురులో చేరే క్రిములు వేరు. గురక రోగంలో 105, 106 డిగ్రీల జ్వరం వచ్చి, గొంతు కింద వాచి, ఊపిరి గురగురమంటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆవులకన్న బర్రెలకే ఇది ప్రమాదం. జబ్బవాపు బలిసిన కోడెలను పట్టుకుంటుంది. వాపు మీద నొక్కితే కరకరమంటుంది. దొమ్మతో చచ్చిన పసరానికి ముక్కు నుండి, వెనుక నుండి గడ్డకట్టని నల్లనెత్తురు కారవచ్చును.

ఇంకొక చిక్కున్నది. ఒక్క పసరం నెత్తురులోనే రెండు రకాలు ఉండవచ్చు. జోరీగలు తెచ్చిన సర్రానో, పిడుదులు తెచ్చిన థైలీరియానో లోపల అణగి ఉండగా పైన గురక వచ్చి పడుతుంది. ఒక్కదానికే సూది వేయిస్తే రెండోది మిగిలిపోతుంది. అందుకని మందు వేయకముందే, చెవి నరం నుండి నెత్తురుబొట్టు తీసి గాజుపలక మీద పూసి పరీక్ష చేయించవలెను. చచ్చిన తర్వాత ఆలస్యమైతే పేగుల్లోని క్రిములు నెత్తురులోకి పాకుతాయి. అప్పుడు చంపినదేదో, వెనుక చేరినదేదో డాక్టరుకైనా తేల్చడం కష్టం.

దొమ్మ అనుమానముంటే మాత్రం కోయవద్దు, తోలు ఒలవవద్దు. గాలి తగిలితే ఆ క్రిమి గట్టి విత్తువలె మారి ఏండ్ల తరబడి మట్టిలో ఉంటుంది. కోసినవాని చేతికి నల్లపుండు లేస్తుంది. 2021లో పొరుగున వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు దీనితోనే చచ్చినవి. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చండి.

"పోయింది ఒక్క గొడ్డే గదా, చెప్పేదేమున్నది?" అంటారు. చెప్పాలె. ఇటువంటి రోగాలను తెలియజేయడం పసరం గలవాని బాధ్యతని 2009 నాటి చట్టమే అంటున్నది. ఫోను 1962కు చేసినా సరే, పసుల దవాఖానకు పోయినా సరే. మీరు చెప్పిన ఒక్క చావుతో పక్క ఊరి మందకు టీకా ముందుగా అందుతుంది.

టీకా పని చేయడానికి రెండు వారాలైనా పడుతుంది కనుక కృత్తిక కార్తెలోనే వేయించండి. వేసినచోట చిన్న గడ్డ కట్టితే బెదరకండి. కొన్నాళ్ళకు అదే కరుగుతుంది.