ఆనకట్టకు ముందొక నివేదిక



నూతన పథకమునకు శంకుస్థాపన జరుగు దినమున పూలమాలలు, మేళతాళములు, ఛాయాచిత్రములు ఉండును. యథార్థమునకు ఆ పథకమునకు పునాది అంతకు చాల పూర్వమే ఏదో యొక కార్యాలయమున, ఒక బల్లపై, కాగితముమీద పడియుండును. దానినే ప్రణాళికా నివేదిక యందురు. దానిని వ్రాయువారు, అంకెలు సరిచూచువారు, టైపు చేయువారు, ఫైలు నడుపువారు ఇట్టి సభలలో పెక్కురు కలరు. వారి పని యెంతటిదో తెలియుటకు ఒకసారి గోదావరి గట్టునకు పోవలయును.

1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను శ్మశానముగా మార్చెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలకు పైగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. గోదావరి ప్రక్కనే పారుచుండెను; కాని ఆ నీరు వరదయై పంటను ముంచుటయో, వృథాగా కడలిపాలగుటయో జరుగుచుండెను. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితిని విచారించి ప్రభుత్వమునకు నివేదించెను. పిదప ఆర్థర్ కాటను నదిని పరిశీలించి 1844, 1845 సంవత్సరములలో తన నివేదికలను మదరాసు ప్రభుత్వమునకు సమర్పించెను.

ఆ నివేదికల బలము మాటల ఆర్భాటములో లేదు. ప్రశ్నలకు సమాధానము చెప్పుటలో నున్నది. ఇట్టి పని సాధ్యమా? తంజావూరు సీమను చూడుడు. కావేరిపై పురాతనమైన కల్లణై యున్నది. కొల్లిడముపై కాటను స్వయముగా కట్టించిన ఆనకట్టలును కలవు. ఎచ్చట కట్టవలయును? నది లంకలతో చీలి విశాలముగా పారు ధవళేశ్వరమువద్ద. రాయి యెచ్చటిది? ప్రక్కనున్న కొండదే. ఫలమేమి? పొలములకు నీరు, కాలువలలో పడవల రాకపోకలు. 1846లో అనుమతి లభించెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. నిర్మాణమున కాటనుకు తోడ్పడిన తెలుగువారిలో వీణెం వీరన్న పేరు నేటికిని గోదావరి ప్రజలు తలచుచున్నారు.

అయినను వ్యయము తొలి అంచనాను మించిపోయెను. అందుచే నివేదిక వ్రాయువారు గ్రహింపవలసిన దొకటి కలదు. అనుమతి సులభముగా దొరకునని ఖర్చును తగ్గించి చూపుట, ఫలమును పెంచి చూపుట నేరముతో సమానము. తెలియనిదానిని తెలియదని వ్రాయుట లోపము గాదు. దానిని అంకెల చాటున దాచుటయే లోపము.

మఱియొక సంగతి. పథకమువలన లాభించువారి లెక్కతోపాటు నష్టపోవువారి లెక్కయు నివేదికలో నుండవలయును. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. జలాశయమున మునిగిపోవు లోయలో ప్రాచీన బౌద్ధ క్షేత్రము ఉండెను, పల్లెలును ఉండెను. కేంద్ర పురావస్తు శాఖవారు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన శిథిలములను కొండపైకి తరలించిరి. రాళ్లను పేర్చినచోటినుండి విప్పి మరల పేర్చవచ్చును. ఊరు విడిచిన కుటుంబమునకు పాత ఇరుగుపొరుగును అట్లు పేర్చి యిచ్చుట సాధ్యము గాదు. 2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావమును ముందుగా అంచనా వేయవలెనని విధించుటలోని అంతరార్థ మిదియే.

నేడు కంప్యూటరు వచ్చినది. పాత నివేదికలోని పేరా క్రొత్తదానిలోనికి క్షణములో చేరును; దానితోపాటు పాత జిల్లా పేరు, పాత అంకెయు చేరును. కావున సంతకమునకు ముందు ఒకసారి నెమ్మదిగా చదువవలయును. అవసర మేమి? ఇతర మార్గములు చూచితిమా? ధనమెంత, కాలమెంత? నష్టపోవు వారెవరు? పని పూర్తియైన పిదప దాని పోషణ భారము ఎవరిది? ఈ ఐదింటికి జవాబు లేని నివేదిక ఎంత లావుగా నున్నను అసంపూర్ణమే.

ఇంటివారు అన్నము వడ్డించుకొని ఎదురుచూచుచుండగా, ఒక అంకెను సరిచూచుటకై కార్యాలయమున ఆలస్యమైన ఉద్యోగిని ఎవరును సన్మానింపరు. ఆ అంకె తప్పిపోయినచో మాత్రము, ఎన్నడును చూడని యే పల్లెలోనో ఒక కాలువ ఎండును. కార్యాలయపు దీపము క్రింద చూపిన శ్రద్ధయే చివరి పొలమునకు నీరై చేరును.