మన చెవుల సంగతి మనమే చెప్పాలి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు రేకులు కొట్టే షెడ్డులో పనిచేసి చెవులు పాడుచేసుకున్నవాణ్ణి. ఆ అర్హతతోనే నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను. ముందు వరుసలోని పెద్దలు తల ఊపుతున్నారు. వినపడి ఊపుతున్నారో, నాలాగా అలవాటుకొద్దీ ఊపుతున్నారో తెలియదు.

రిటైరైన తరువాత నాలుగేళ్ళు నా చెవుడు దాచుకున్నాను. ఒకరోజు మనవరాలు ఫోనులో ఏదో చెప్పింది. వినపడక "చాలా సంతోషం తల్లీ" అన్నాను. పరీక్ష తప్పానని ఏడుస్తూ చెప్పిందట పాపం. ఆ సాయంత్రమే మా ఆవిడ నన్ను చెవుల డాక్టరు వద్దకు తీసుకుపోయింది. మిషను పెట్టుకున్నాక మాటలు వినబడుతున్నాయి గాని, ఎడమ చెవిలో కీచురాళ్ళ మోత పోలేదు. దానిని పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదన్నారు డాక్టరుగారు.

ఎందుకు లేదని అడిగాను. లోపలి చెవి పుర్రెలో గట్టి ఎముక మధ్య ఉంటుంది. ఒక్కొక్క చెవిలో సుమారు 15 వేల రోమకణాలు శబ్దాన్ని అందుకుంటాయి. పోయినవి మనుషులకు మళ్ళీ రావు. బ్రతికున్న మనిషి చెవిలోంచి ముక్క తీసి చూద్దామంటే ఉన్న వినికిడి కూడా పోతుంది. కాబట్టి పరిశోధకులకు రోగులు స్వయంగా చెప్పేదే పెద్ద ఆధారం. మనమేమో దాచుకుంటున్నాం.

1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే డాక్టరు నూరుమంది బాయిలర్ పనివాళ్ళను పరీక్షించాడు. చేతిలో సాధనం ఒక గడియారం. దాని టిక్కుటిక్కు ఎంత దూరం నుంచి వినపడుతుందో చూశాడు. ఒక్కరికీ వినికిడి సరిగా లేదు. పోల్చిచూడటానికి ఉత్తరాలు పంచే పోస్టుమాన్లను కూడా పరీక్షించాడు. మోత వల్ల చెవుడు వస్తుందని లెక్కతో తేలింది ఆ పనివాళ్ళు ముందుకు రావటం వల్లనే.

మన వయసువాళ్ళ సంగతీ చెబుతాను. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మంది మూడేళ్ళపాటు ఒక అధ్యయనంలో పాల్గొన్నారు. ఫలితాలు 2023లో వచ్చాయి. వినికిడి మిషను వల్ల జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గటం నెమ్మదిస్తుందా అన్నది ప్రశ్న. మొత్తం మీద తేడా కనపడలేదు. కాని ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. అంతమంది ముసలివాళ్ళు ఓపికగా వచ్చి కూర్చోకపోతే ఈ సంగతి తెలిసేదా?

అలాగని ఎవరు పిలిస్తే వారి వెంట వెళ్ళమనటం లేదు. మన దేశంలో మందుల ప్రయోగాలను 2009 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రీలో తప్పనిసరిగా నమోదు చేయాలి. ఆ నంబరు అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి అడగండి. అంగీకార పత్రం తెలుగులో ఇమ్మనండి. ఇంటికి తెచ్చి పిల్లలతో చదివించుకోండి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చు. డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి.

కార్యదర్శిగారి బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ సెక్షనులో ఎన్నేళ్ళు చేశారు, చెవి ఎప్పటినుంచి మందగించింది, మోత ఉన్నదా, ఇంతవరకే వ్రాయండి. పేరు వేయటం మీ ఇష్టం. ఆ వివరాలు పట్టుకుని మెడికల్ కాలేజీ చెవి విభాగం వారిని కలుద్దామని కార్యవర్గం అనుకుంటున్నది. సర్వీసులో ఏటా కళ్ళు చూశారు గాని చెవులు ఒక్కసారీ చూడలేదు. ఆ లెక్కయినా మనం తయారు చేద్దాం.

ప్రశ్నలుంటే దయచేసి నా కుడివైపుకు వచ్చి అడగండి.